లేచి నిలబడ్డ ఇల్లు

కరీంనగర్‌లో బజార్లు వెడల్పు చేస్తున్న ఆ రోజుల్లో నాకు ఇరవై ఏళ్లు, చేతిలో సర్కారు ప్రొజెక్టరు. ఇక కాలు నేల మీద ఆనేదా? ఊరు మునుపు ఎట్లా ఉండేదో, ఇప్పుడెంత బాగుపడిందో పాత ఫొటోలూ ఫిల్మూ వేసి జనానికి చూపించడం నా ఉద్యోగం. (బాగుపడిందో లేదో అడగడం నా ఉద్యోగం కాదు.)

ఓ మధ్యాహ్నం బడి హాలు కిటికీలకు గొంగళ్లు కట్టి, బజారు కూలగొట్టినప్పటి రీలు వేశాను. ముందు వరసలో తహసీల్దారు. ఆయన వెనకే గాజులమ్మే అవ్వ ఒకతె. రోడ్డు కింద ఇల్లు పోయినవాళ్లకు కొత్త కాలనీలో జాగా ఇస్తున్నారు. ఈమె ఇల్లున్న చోట కాగితాల్లో 'ఖాళీ స్థలం' అని ఉందట. లేని ఇంటికి జాగా ఎట్లా ఇస్తామని ఆయన, ఉన్న ఇల్లు లేదంటే ఎట్లా అని ఈమె, వారం రోజులుగా ఇదే గొడవ. రీలు నడిచినంతసేపూ జనం తెర మీద తమ మొహాలే వెతుక్కున్నారు గానీ కూలుతున్న గోడలను ఎవరు చూశారు?

అయిపోయాక రీలును చేత్తో చుట్టాలి. బద్ధకం కొద్దీ ప్రొజెక్టరును వెనక్కి తిప్పే మీట నొక్కి, దీపం ఆర్పడం మరిచాను.

తెర మీద అంతా వెనక్కి నడవసాగింది. దుమ్ము నేలలోకి దూరింది. ఇటుకలు ఎగిరి గోడెక్కాయి, గూనపెంకులు కప్పు మీద సర్దుకున్నాయి, గడ్డపారల మనుషులు వెనక్కి వెనక్కి నడిచి మాయమయ్యారు. ఓ ఇల్లు నిటారుగా లేచి నిలబడింది. నెత్తిన గాజుల మలారం మూటతో అవ్వ వెనక్కి నడుస్తూ ఆ గడప దాటి లోపలికి పోయింది. నా ఉద్యోగం ఊడిందనుకున్నాను.

"గదే నా ఇల్లు సారూ," అంది అవ్వ మెల్లగా. "జాగ ఖాళీగుండెనా?" అని, నా వైపు తిరిగి, "జర ఆపు బిడ్డా, మంచిగ చూసుకుంట," అంది.

ఆపేశాను. వేడి దీపం ముందు ఫిల్ము ఆపకూడదని మొదటి రోజే నేర్పారు నాకు, ఎంత తెలివిగల వెధవను! తలుపు మధ్య గోధుమరంగు మచ్చ పుట్టి, పొంగి, చూస్తుండగానే ఇల్లంతా కాలిపోయి తెర తెల్లబడింది.

తహసీల్దారు లేచాడు. గుమాస్తాను పిలిచి, 'ఖాళీ స్థలం' కొట్టేసి ఆమె పేరు రాయమన్నాడు. తన కళ్లతో చూశాక ఇంకే సాక్ష్యమూ అక్కర్లేదన్నాడు. నేను పొంగిపోయి, మెచ్చుకుంటుందని అవ్వ దగ్గరికి పరుగెత్తాను. ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది.

"ఒకపారి సర్కారోళ్లు కూలగొట్టిరి," అంది. "ఇంకోపారి నువ్వు కాలవెడితివి గద బిడ్డా."

జాగా వచ్చింది, ఇల్లూ కట్టుకుంది. మెప్పు కోసం పరుగెత్తిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆమె మాట తలుచుకుంటే మాత్రం, ఇంత వయసొచ్చినా రాదు.