వాలుగ దవడలో పత్తి ఉండ

మా అప్ప పొందూరులో పత్తి దువ్వేది. వాలుగ చేప దవడ ఎముకకు సన్నని పళ్ళుంటాయి. గింజ మీది పత్తిని వాటితో దువ్వితే నలకలు పోయి పోగులు సాపుగా వస్తాయి. ఆ తరవాతే రాట్నం. తన వాలుగ దవడను ఇంకొకరిని ముట్టనిచ్చేది కాదు.

ఎప్పుడో ఆపరేషన్‌లో ఎక్కించిన రక్తంతో ఆమెకు హెపటైటిస్ సి వచ్చింది. కాలేయాన్ని తినేసే వైరస్. అప్పట్లో ఉన్న సూదిమందు ఆమె ఒంటికి పడలేదు. డాక్టరు గోడవైపు చూస్తూ ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చెప్పి పంపేశాడు. నేను అయిదో తరగతితో బడి మానినవాణ్ణి. కోపం వస్తే చదువుతాను. రాజాంలో ఇంటర్నెట్ షాపువాడి చేత కాగితాలు ప్రింటు తీయించి, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను.

ఆ వైరస్ సంగతంతా ఆర్‌ఎన్‌ఏ అనే పోగులో ఉంటుంది. ఆ పోగుకు నకళ్ళు తీసే ఎంజైము ఒకటుంది. శాస్త్రజ్ఞులు వేరే ఆర్‌ఎన్‌ఏ ముక్కలు తయారుచేశారు. అవి తమలో తామే మడతపడి ఆ ఎంజైముకు గట్టిగా అతుక్కుంటాయి. ఇక అసలు పోగు దూరదు, నకళ్ళు ఆగిపోతాయి.

అప్పకు అర్థమవ్వాలని చిక్కుపడ్డ పత్తిని ఉండచేసి ఆమె వాలుగ దవడ పళ్ళ మధ్య కుక్కాను.

"ఒరే తమ్ముడా, తీసీరా! పళ్ళిరిగిపోతే నీ పళ్ళతో దువ్వమంటావేటి?"

"ఇప్పుడు దువ్వు, సూద్దాం."

దువ్వబోయింది. పత్తి దిగలేదు.

"పత్తిని పత్తే ఆపీసినాది. బాగున్నాది. మరా మందేదిరా?"

పనిచేసిందని రాశారు కాబట్టి మందు ఉంటుందనే అనుకున్నాను. శ్రీకాకుళం వెళ్ళి డాక్టరు బల్ల మీద కాగితాలు పెట్టాను.

"ఇవి గాజుగొట్టంలో చేసిన పరీక్షలండి. ఒంట్లోకి ఎక్కిస్తే ఆ ముక్కలు రక్తంలోనే తెగిపోతాయి. కాలేయం దాకా చేర్చడం ఇంకా చేతకాలేదు" అన్నాడు. ఆయన తెలుగు మాట్లాడగలడని ఆ రోజే తెలిసింది.

ఇంటికి రాగానే అప్ప అడిగింది. "ఏటన్నాడ్రా?"

"గాజుగొట్టంలో పన్జేస్తాదట. మనిసిలో కాదట."

"అయితే నన్నొట్టుకెల్లి గాజుగొట్టంలో కూకోబెట్టీరా" అని, ఉండ పీకి పారేసి మళ్ళీ దువ్వడం మొదలెట్టింది.

ఆ ఏడు వానలు తగ్గకముందే అప్ప పోయింది. నాకు ఏడుపు రాలేదు. దవడ ఎవరో అడిగితే ఇచ్చేశాను.

కొన్నేళ్ళకు అదే ఎంజైమును ఆపే బిళ్ళలొచ్చాయి. ఆ ఆర్‌ఎన్‌ఏ ముక్కలు కావు, వేరే రసాయనం. కొత్త పోగులో దొంగలా కలిసి, దాన్ని ఇక సాగనివ్వదు. శ్రీకాకుళంలో మందుల షాపుకు వెళ్ళి డబ్బా చూపించమన్నాను.

"ఎవరికి తాతా?"

"సూడ్డానికే."

చూసి, ఇచ్చేసి, పొందూరు బస్సెక్కాను.