గీయకుండా మిగిలిన రెండు రాళ్ళు

నగరత్‌పేటలో వజ్రాలు పరీక్షించే పెద్దాయన పోయారని ఆయన కోడలు మంగళవారం పొద్దున ఫోన్ చేసింది. నేను అప్పుడే ఊరికి ఇంకో చివర హెచ్‌ఎస్‌ఆర్‌లో మా ఆఫీసు మెట్లెక్కుతున్నాను. "అయ్యో, నావి ఇంకా రెండు రాళ్ళు మిగిలాయి కదా," అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. మనిషి పోయాడంటే ముందు నా పని గుర్తొచ్చిందేమిటని ఆ రోజంతా నన్ను నేనే తిట్టుకున్నాను. ఏ మీటింగులోనూ కుదురుగా కూర్చోలేకపోయాను.

ఆయన వజ్రాలు అమ్మేవారు కాదు, కొనేవారూ కాదు. చూసి, ఉన్నదేమిటో చెప్పేవారు, అంతే. పట్టుదారాల అంగడి మీద చిన్న గది, ఎండ నేరుగా పడని కిటికీ, దాని కింద బల్ల. మధ్యాహ్నం మూడున్నరకు ఆ కిటికీలో వెలుగు తగ్గగానే ఎవరొచ్చినా రేపు రమ్మనేవారు. చిన్న రాయికీ పెద్ద రాయికీ ఒకటే ఫీజు. ఎందుకలా అని ఒకసారి అడిగాను. "పెద్ద రాయికి పెద్ద ఫీజు తీసుకుంటే, నా కంటికి అన్ని రాళ్ళూ పెద్దగానే కనపడతాయి కదప్పా," అన్నారు.

పదేళ్ళ కింద పెళ్ళి ఉంగరం కొనబోతూ మొదటిసారి ఆయన దగ్గరికి వెళ్ళాను. ఏ అంగడికి పోతే మంచిదో ఒక పేరు చెప్తారనుకున్నాను. ఆయన పేరు చెప్పలేదు. నాకొక తెల్ల కాగితం, పెన్సిలు ఇచ్చి, భూతద్దం కింద ఒక రాయి పెట్టి, లోపల ఏం కనపడితే అది గీయమన్నారు.

"నాకు బొమ్మలు రావు పెద్దయ్యా."

"బొమ్మ ఎవరడిగిరి? ఒక సున్నా చుట్టు. మచ్చ యాడుంటే ఆడ చుక్క పెట్టు. రాయి ఇంకొకరి చేతికి పోకముందే నీ కంటికి గుర్తుండాల."

ఆయన పాఠమంతా అదే. రాయిని వాకిట్లోకి తెచ్చి పగటి వెలుగులో చూపించమని అడుగు. రాయి అంచు మీద చెక్కిన నంబరూ సర్టిఫికెట్ మీది నంబరూ ఒకటేనా అని నీ కళ్ళతో చూసుకో. తిరిగి తీసుకుంటామని నోటితో చెప్తే బిల్లు మీద రాయించుకో. ఇవన్నీ అయ్యాక, గీసుకుంటానని అడుగు. "కుర్చీ ఏసి, భూతద్దం చేతికిచ్చినాడా, వాడితో బేరం చెయ్. 'మా మీద నమ్మకం లేదా మేడం' అన్నాడా, లేచి వచ్చేయ్."

నాకు ఓపిక తక్కువ. ఆయన రాయి చూస్తుంటే నిమిషానికోసారి "ఏమైంది పెద్దయ్యా?" అనేదాన్ని. "ఉండప్పా, ఇంకా చూస్తాండా," అనేవారు. నా ఫోన్ మోగితే అద్దం కంటి నుంచి తీయకుండానే చేయి చాచి దాన్ని బోర్లా పెట్టేవారు. ఇంటికొచ్చి అమ్మ ముందు ఆయన్ని అనుకరించి నవ్వించేదాన్ని. ఆఫీసులో ఉంగరం కొనే ప్రతివాళ్ళనూ ఆయన దగ్గరికి లాక్కెళ్ళి, గీయించి, ఏదో నేనే కనిపెట్టిన విద్యలా గొప్పలు పోయేదాన్ని.

మరి మా అమ్మ కమ్మల దగ్గరికొచ్చేసరికి ఏం చేశాను?

అవి ఏడు రాళ్ళ కమ్మలు, హిందూపురంలో అమ్మ పెళ్ళికి అవ్వ పెట్టినవి. రాళ్ళ వెనకాల బంగారంతో మూసేసిన పాతకాలపు పొదుగుడు కావడంతో రాళ్ళు మసకబారాయి. ఊడదీసి కొత్త బంగారంలో పొదిగిద్దామని పోయినేడాది మా ఇంటి దగ్గరి ఒక పెద్ద అంగడికి తీసుకెళ్ళాను. బ్యాగులోంచి కాగితం తీశాను కూడా. కౌంటరు దగ్గరి అబ్బాయి బాదం పాలు అందిస్తూ నవ్వాడు. "మా మీద నమ్మకం లేదా మేడం?"

సరిగ్గా అదే మాట. ఇంకో ఇరవై నిమిషాల్లో నాకు మీటింగు. చుట్టూ జనం చూస్తున్నారు. కాగితం మడిచి బ్యాగులో పెట్టేశాను. సారీ అని కూడా అన్నాను.

మూడు వారాలకు కమ్మలు వచ్చాయి, ధగధగలాడుతూ. అమ్మ పెట్టుకుని అద్దంలో అటూ ఇటూ చూసుకుంది. "బాగుండాయి. ఎవరివో పెట్టుకున్నట్ల ఉండాది," అంది.

మర్నాడే కమ్మలు పట్టుకుని పెద్దాయన దగ్గరికి పరుగెత్తాను. పద్నాలుగు రాళ్ళూ చూశారు. "అన్నీ వజ్రాలే తల్లీ. కోత కూడా పాతదే."

"అయితే అమ్మవేనా?"

"పాత కోత రాళ్ళు ఈ పేటలో కావాల్సినన్ని ఉండాయి. నువ్వు గీసింది తే, చెప్తా."

గీయలేదన్నాను. ఆయన అద్దం దించారు.

"ఆ మాట అన్నాడా?"

"అన్నాడు."

"లేచినావా?"

లేదు, సారీ చెప్పానన్నాను. "అందరినీ పిలుచుకొచ్చి గీయించినావు కదమ్మా," అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. నా ముందుకు కాగితం జరిపారు. "ఇప్పుడన్నా గీయి. ఇవాళ్టి నుంచి ఇవి ఏవో నీకు తెలుస్తాది." పన్నెండు రాళ్ళు గీసేసరికి వెలుగు తగ్గింది. రేపు రమ్మన్నారు. నేను వెళ్ళలేదు. ఆ వారం వెళ్ళలేదు, ఆ నెలా వెళ్ళలేదు.

అంతకన్నా పెద్ద తప్పు ఆ సాయంత్రమే చేశాను. "నావేనంటనా?" అని అమ్మ గుమ్మంలోనే అడిగింది. "నీవేనన్నారమ్మా," అన్నాను. కంటికి కనపడనిది ఒక్కటి కూడా చెప్పని మనిషి నోట్లో నా అబద్ధం పెట్టాను. అప్పటి నుంచి ఏ పెళ్ళికి వెళ్ళినా అమ్మ అందరికీ చెప్పుకునేది, నగరత్‌పేట ఆయన చూసి చెప్పినాడని. ఆ అంగడివాడు దొంగ అని కూడా నేను అనలేను. అవి అమ్మవే కావచ్చు. ఆ 'కావచ్చు' నన్ను తినేస్తూనే ఉంది.

పెద్దాయన కర్మలన్నీ అయ్యాక అమ్మ కూడా వస్తానంటే ఇద్దరం పరామర్శకు వెళ్ళాం. ఆయన గదిలోనే కూర్చోబెట్టారు. కోడలు కాఫీ ఇచ్చింది. అమ్మ తన చెవిని తాకి చూపిస్తూ, "మీ మామ చూసి ఇవి మావేనన్నాడమ్మా. ఆ మాట మీదనే ధైర్యంగా పెట్టుకున్నా," అంది.

కోడలు అమ్మ వైపు, తర్వాత నా వైపు చూసింది. "మా మామ అట్ల చెప్పేవాడు కాదే," అంది నెమ్మదిగా.

ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. అక్కడ నాకు ఇంకో అబద్ధం రాలేదు. "ఆయన చెప్పలేదమ్మా, నేను చెప్పాను," అన్నాను. అంగడి, బాదం పాలు, మడిచేసిన కాగితం, అంతా చెప్పేశాను. ఏడ్చాను కూడా. ఆయన కోసం ఏడ్చానో, నా కోసం ఏడ్చానో ఇప్పటికీ చెప్పలేను.

అమ్మ తిట్టలేదు. ఒకటి తర్వాత ఒకటి కమ్మలు రెండూ తీసింది. "ఆ కాగితం ఉండాదా?" అంది. బ్యాగులోనే ఉంది. ఏడాదిగా మోస్తున్నాను. విప్పి బల్ల మీద పరిచాను. పన్నెండు సున్నాల్లో నా చుక్కలు, చివరి రెండూ ఖాళీ.

కోడలు సొరుగులోంచి పెద్దాయన భూతద్దం తెచ్చి ఇచ్చింది. అమ్మ కిటికీ దగ్గరికి కుర్చీ లాక్కుని, పెన్సిలు పట్టుకుని, గీయకుండా మిగిలిన రెండు రాళ్ళ మీదికి వంగింది. నలభై ఏళ్ళ బరువుకు సాగిన ఆమె చెవి తమ్మెలు ఆ వెలుగులో బోసిగా ఉన్నాయి. నేను ఎప్పటిలాగే ఆగలేకపోయాను.

"ఏమైందమ్మా? నీవేనా?"

"ఉండు," అంది తలెత్తకుండా. "ఇంకా చూస్తాండా."