మస్తాన్ సార్ రాసుకున్న నంబరు

మొన్న రాజమండ్రిలో ఒక జిరాక్స్ షాపు ముందు నిలబడి ఉంటే, లామినేషన్ యంత్రంలోంచి వేడెక్కిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. ఎవరిదో కార్డు మెల్లగా బయటికి వస్తోంది. నా కాగితాలు అందుకోవడం మరిచిపోయి అక్కడే నిలబడిపోయాను. అబుదాబి శివార్లలోని ముసఫ్ఫాలో టైర్ల షాపు పైన ఉన్న మా రెండు గదుల ఆఫీసు ఎప్పుడూ ఇదే వాసన వేసేది.

అది 2007. అబుదాబిలో కార్మికులందరికీ ఆరోగ్య బీమా కార్డు తప్పనిసరి చేసిన కొత్త. కంపెనీలకు ఆ కార్డులు ఇప్పించే చిన్న ఏజెన్సీలో నేను ఫారాలు నింపేదాన్ని. మా ఆయనకు సముద్రం మధ్య చమురు బావుల దగ్గర పని. ఆరు వారాలు అక్కడ, రెండు వారాలు ఇంట్లో. ఆ ఆరు వారాలూ సాయంత్రం తలుపు తాళం వేసుకున్నాక నా గొంతు నాకే వినిపించేది కాదు. పగలు నాతో తీరిగ్గా తెలుగులో మాట్లాడే మనిషి, ఆఫీసు చూసుకునే మస్తాన్ సార్ ఒక్కరే. నెల్లూరు ఆయనది. అరవైకి దగ్గరపడ్డారు. భార్య పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. యజమాని దుబాయ్ నుంచి వారానికి ఒకసారి వచ్చి సంతకాలు పెట్టి వెళ్ళేవాడు. మిగతా రోజుల్లో ఆఫీసంతా మేమిద్దరమే.

కార్డుల కోసం వచ్చే కార్మికుల్లో కుర్రవాళ్ళు మేం చూపించిన చోట సంతకం పెట్టి వెళ్ళిపోయేవారు. వయసు మళ్ళినవాళ్ళు మాత్రం కుర్చీ అంచున కూర్చుని అడగడానికి మొహమాటపడేవారు. వాళ్ళను సార్ తన దగ్గరికి పిలిపించుకునేవారు. ఒక కంపెనీ తన పాత పనివాళ్ళకు రెండు రకాల కార్డుల్లో ఒకటి ఎంచుకోమంది. అందరూ పెద్ద కార్డే కావాలన్నారు. దాంతో టౌన్లో పెద్దాసుపత్రికి వెళ్ళవచ్చు మరి.

"ఆసుపత్రి టౌన్లో ఉండాది. నువ్వు యాడుండావు?" అన్నారు సార్, ముందు వరుసలో కూర్చున్న పెద్దాయనతో.

"లేబర్ క్యాంపుల సార్."

"టౌనుకు కంపెనీ బస్సు ఎప్పుడు పోతాది?"

"శుక్రవారం."

"మరి నీ జొరం శుక్రవారం దాకా ఆగుతాదా?"

అందరూ నవ్వారు. "చిన్న కార్డులో మీ గేటు ముందరి క్లినిక్ ఉండాది. బీపీ బిళ్ళలు నెలనెలా ఆడే ఇస్తారు. ఇప్పుడు చెప్పండి, ఏది పెద్దదో" అన్నారు. ఆ తర్వాత క్లినిక్ పేరు, తెరిచే వేళలు, కార్డుతో ఏవి కుదరవో తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, ఒక్కొక్కరికీ లామినేషన్ చేయించి ఇచ్చారు. కుదరనివన్నీ పైన ఉండేవి, కుదిరేవి కింద.

ఒకరోజు సార్ మధ్యాహ్నం నమాజుకు వెళ్ళినప్పుడు మల్లయ్య వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, ఇరవై ఏళ్ళుగా వెల్డరు. 'మీకేమైనా జబ్బులు ఉన్నాయా?' అన్న ప్రశ్న దగ్గర నా చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు.

"షుగర్ ఉన్నది బిడ్డా. గది రాయకు. ముదీర్‌కు తెలిస్తే ఖలాస్, ఇంటికి పంపిస్తడు."

ముదీర్ అంటే వాళ్ళ కంపెనీ మేనేజరు. మల్లయ్య ముఖం చూసి జాలేసింది. 'లేదు' అని రాశాను. మేలు చేశాననే అనుకున్నాను.

నాలుగు నెలలకు మల్లయ్య కాలి వేలికి పుండు పడింది. ముందే ఉన్న జబ్బు దాచారు కాబట్టి ఖర్చు భరించలేమని బీమావాళ్ళు ఉత్తరం పంపారు. సార్ ఫైలు తెరిచి నా చేతిరాతను చూశారు. అరుస్తారనుకున్నాను. చెప్పులు వేసుకున్నారు.

"రామ్మా, పోదాం. మల్లయ్యకు ఈ మాట నేను చెప్పేది కాదు. నువ్వే చెప్పాల."

క్యాంపు గదిలో మల్లయ్య బోర్లించిన రంగు డబ్బా మీద కాలు పెట్టుకుని కూర్చున్నాడు. నేను చెప్పడం మొదలుపెట్టి పూర్తి చేయలేకపోయాను.

"నేనే గదా బిడ్డా రాయొద్దన్న. నువ్వెందుకు ఏడుస్తున్నవ్?" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

అక్కడి నుంచి సార్ నేరుగా ముదీర్ గదికి తీసుకెళ్ళారు. మల్లయ్య భయం, నేను రాసిన అబద్ధం, ఏదీ దాచకుండా ఉర్దూలో చెప్పారు. ముదీర్ అంతా విని, సొరుగు లాగి మాత్రల పట్టీ ఒకటి బల్ల మీద పడేశాడు. "షుగరా? నాకూ ఉంది" అన్నాడు. ఆసుపత్రి సంగతి కంపెనీ చూసుకుంటుందన్నాడు. అప్పటికే ఆలస్యమైంది. మల్లయ్య రెండు వేళ్ళు తీసేశారు. ఉద్యోగం మాత్రం పోలేదు. అతన్ని స్టోరులో కూర్చోబెట్టారు.

తిరిగొచ్చేటప్పుడు సార్ ఒక్క మాటే అన్నారు. "అతను భయపడినాడు. ఆ భయం ఎంతవరకు నిజమో కనుక్కోవడమే మన పనమ్మా. ఉత్త రాసేదానికైతే మిషనుండాది."

ఇంకెవరికైనా అలా రాశానేమోనని మరుసటి వారం ఫైళ్ళన్నీ దించి వెతికాను. ఆ కట్టల్లో సార్ సొంత ఫారం దొరికింది. షుగరు, బీపీ, అన్నీ ఉన్నదున్నట్టు రాసుకున్నారు. 'అత్యవసరంలో ఎవరికి తెలియజేయాలి?' అన్న గడిలో పేరు లేదు, నంబరొకటే ఉంది. అది మా ఆఫీసుది.

టీ తాగేటప్పుడు ఆ ఫారం చూపించి అడిగాను. "ఈ ఫోను ఎత్తేది మీరే కదా సార్?"

ఆయన గ్లాసు కిందపెట్టారు. "ఖాళీగా వదిలితే ఫారం తీసుకోరమ్మా."

"నా నంబరు రాయనా?"

"నీకెందుకమ్మా ఆ బాధ" అన్నారు గానీ వద్దనలేదు. నా పేరు, నంబరు రాశాను. బంధుత్వం అన్నచోట ఏం రాయాలో తెలియక ఆగిపోయాను. ఆయన కిటికీ వైపు చూస్తూ, "మనోళ్ళే అని రాయి" అన్నారు.

ఆ ఫారం మళ్ళీ బీమావాళ్ళకు పంపాను. మరుసటి ఏడు ఎండాకాలం, ఒక ఉదయం అందులోని నంబరు చూసి ఆసుపత్రివాళ్ళు నాకు ఫోను చేశారు. సార్ బస్సులో పడిపోయారు, గుండెపోటు. మా ఆయన సముద్రంలో ఉన్నారు. నాలుగు రోజులు నేనే పక్కన కూర్చున్నాను. చూడటానికి మల్లయ్య తప్ప ఎవరూ రాలేదు. మూడో రోజు సార్ కళ్ళు తెరిచి నన్ను చూసి, "ఫోను మోగిందా అమ్మా?" అన్నారు.

డాక్టర్లు పని మానేయమన్నారు. వీసా రద్దు చేయించుకుని ఆయన నెల్లూరులో మేనల్లుడి ఇంటికి వెళ్ళిపోయారు. కొన్నాళ్ళు ఫోన్లలో మాట్లాడుకున్నాం. తర్వాత ఆ నంబరు మోగేది, ఎవరూ ఎత్తేవారు కాదు. కొన్నాళ్ళకు మోగడం కూడా మానేసింది. నేను కనుక్కోవలసింది. కనుక్కోలేదు.

ఇప్పుడు నేను రాజమండ్రిలోనే ఒక ఆసుపత్రిలో వృద్ధులకు బీమా కాగితాలు చదివి చెప్పే బల్ల దగ్గర కూర్చుంటాను. ఎవరికి తెలియజేయాలని అడిగితే చాలామంది వెంటనే "ఎవరూ లేరమ్మా" అంటారు. నేను తర్వాతి ప్రశ్నకు పోను. వెనక వరుసలోవాళ్ళు ఆలస్యమవుతోందని గొణుగుతారు, గొణగనిస్తాను. చాలాసేపటికి ఒక పేరు బయటికొస్తుంది. ఏళ్ళుగా మాటలు మానేసిన తమ్ముడిదో, రోజూ పాలు పోసే ఆవిడదో. ఆ పేరు కూడా రానివాళ్ళ ఫారం పక్కన పెట్టి, రేపు మళ్ళీ రమ్మంటాను.