వైకుంఠం ఉప్పునీళ్ల పూల్

గౌలిపుర వైకుంఠానికి ఉన్న పిచ్చి ఒక్కటే. తన స్విమ్మింగ్ పూల్‌లో ఉప్పు సరిపోయిందా అని కనబడ్డ ప్రతివాణ్ణీ అడగడం. పులుసు రుచి చూడమన్నట్టు గ్లాసుతో నీళ్లు తెచ్చి మూతి దగ్గర పెట్టేవాడు. "మింగకుండ్రి, నాలుక మీద ఏస్కొని ఉమ్మెయ్యిండ్రి!" పాలవాడు, టైలరు, కరెంటు బిల్లు తీసేవాడు, ఎవరూ తప్పించుకోలేదు. పూల్ కట్టించి ఏళ్లయింది కానీ ఈ పిచ్చి పట్టింది మాత్రం మొన్నటి ఎండాకాలమే.

పప్పుల హోల్‌సేల్ వ్యాపారం వాళ్లది. ఒకప్పుడు బర్రెల కొట్టం ఉన్న పెరట్లో పూల్ తవ్వించాడు. తనకు ఈత రాదు, నీళ్లంటే భయం. ప్యాంటు మడిచి గట్టు మీద కూర్చుని పలకలు రుద్దుతాడు, ఆకులు తీస్తాడు, ఉప్పులోంచి క్లోరిన్ తీసే యంత్రానికి పట్టిన సున్నం కడుగుతాడు.

ఉప్పు బస్తాలు దింపుతూ ఆటో అతను అడిగాడు. "ఏంది సేట్, గల్లీ మొత్తానికి మామిడికాయ తొక్కు పెడ్తున్నవా?"

"తొక్కు కాదు భాయ్, సముద్రం పెడ్తున్న."

ఎదురింటి సుందరరామయ్యది చీరాల. ఉద్యోగానికని వచ్చి, రిటైరయ్యాక ఇక్కడే ఉండిపోయాడు. మోకాలి ఆపరేషన్ తర్వాత డాక్టరు నీళ్లలో నడవమన్నాడు. భార్య నాగమణి ఎదురింటి పూల్ మాట ఎత్తితే, "ఒకరి గడప తొక్కి దేబిరించనా?" అని కసిరాడు.

కొన్నాళ్లకు గ్లాసు ఆయన దగ్గరికీ వచ్చింది.

"సార్, మీరు సముద్రం పక్కోళ్లు. ఉప్పు సంగతి మీకు తెల్వకుంటే ఇంకెవ్వరికి తెలుస్తది? జర చూడుండ్రి."

సుందరరామయ్య చప్పరించి ఉమ్మేశాడు. "ఇదేం ఉప్పండీ? దీనికన్నా కన్నీళ్లు నయం."

"గ్లాసుల తెల్వది సార్. దిగితేనే తెలుస్తది."

నిపుణుణ్ణి పిలిచారు కాబట్టి దిగాడు. మెట్ల దగ్గర కొత్తగా బిగించిన రెయిలింగు పట్టుకుని, ఆ గోడ నుంచి ఈ గోడకు నడిచి, "చప్పగా ఉంది" అని తీర్పు చెప్పాడు. మర్నాడు అడుగున పాచి ఉందన్నాడు. ఇంకోనాడు, "మా చీరాలలో కెరటాలుంటాయి, ఇక్కడేవండీ?" అన్నాడు. వైకుంఠం లేచి, చీపురుతో నీళ్లను టపటపా కొట్టి కెరటాలు తెప్పించాడు.

వానలు మొదలయ్యేసరికి సుందరరామయ్య చేతికర్ర వదిలేశాడు. పూల్‌నూ వదిలేశాడు.

కిరాణా దుకాణం దగ్గర వైకుంఠం ఆపాడు. "సార్, ఉప్పు చూడనీకి వస్తలేరు?"

"నాకేం పనిలేదా? మీ పిచ్చికి నేనెన్నాళ్లు తాళం వెయ్యాలి?"

అక్కడున్నవాళ్లంతా నవ్వారు. అందరికన్నా గట్టిగా వైకుంఠమే నవ్వాడు. సుందరరామయ్య ఆ నవ్వు వినడం అదే ఆఖరు. ఆ నెలలోనే గుండెపోటుతో వైకుంఠం పోయాడు.

పరామర్శకు వెళ్లిన సుందరరామయ్యకు పెరట్లోనే కుర్చీ వేసింది వైకుంఠం భార్య కమల. పంపు గది తలుపు తీసి ఉంది. లోపల యంత్రం మీద అంకెలు వెలుగుతున్నాయి.

"అవేంటమ్మా?"

"నీళ్లల్ల ఉప్పెంతుందో సూపిస్తది సార్. తక్కువైతే అదే లొల్లి చేస్తది."

"మరి నన్నెందుకడిగాడు?"

కమల కొంగు సర్దుకుంది. "మీ మోకాలు సంగతి నాగమణక్క నాకు చెప్పింది. ఉత్తగ పిలిస్తే మీరు రారని ఆయనకు ఫికర్. మీ ఒక్కర్నే అడిగితే అనుమానమొస్తదని గల్లీల అందర్ని అడిగిండు. గా రెయిలింగ్ గూడ మీ కోసమే పెట్టిచ్చిండు."

సుందరరామయ్య లేచి వెళ్లి రెయిలింగు పట్టుకున్నాడు. "ఒక్కసారైనా బాగుందని అనలేదమ్మా నేను."

"నేనే ఆయన్ను అడిగిన సార్ ఒకనాడు, గంతగనం తిడ్తుంటే ఎట్ల పడ్తున్నవని. 'తిట్టనియ్యి, కోపంల సార్‌కు నొప్పి యాదికొస్తలేదు, అడుగు మంచిగ పడ్తుంది' అన్నడు."

సుందరరామయ్య ఏడుపు కప్పిపుచ్చుకోవడానికి కేకలేశాడు. "ఎంత దొంగవాడమ్మా మీ ఆయన! మర్యాదస్తుణ్ణి పట్టుకుని ఎంత మోసం, ఎంత మోసం!"

వైకుంఠం పోయాక కమల నవ్వడం అదే మొదలు.

"ఇంకిన్ని తిట్టుండ్రి సార్," అంది. "చాయ్ పెట్టుకొస్త."