ఏనుగుల అరుగు

రెండువేల ఐదో ఆరో, సరిగ్గ యాదికి లేదు. గల్ఫుల హమద్ టౌన్‌ల కట్టే ఇండ్ల కప్పుల మీదికి సిమెంటు బస్తాలు మోసుడు మా పని, నాదీ మా బావదీ. బావంటే మా అక్క పెనిమిటే. ఆ ఎండకాలం ఆయన రెండుసార్లు కండ్లు తిరిగి పడ్డడు. అక్కకు ఫోన్ల చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నడు. ఎట్లనన్న ఈయనను కప్పు మీదికెళ్లి దించాలె, నాకు వేరే ఆలోచనే లేకుండె.

గప్పుడే మా కంపెనీకి మనామా పట్నంల ఒక కొత్త హోటలు పని తగిలింది. ఆ హోటలు ఓనరు ఒక ఫొటో తెచ్చి, దీన్ని గోడ మీద జిప్సంతోని చెయ్యాలన్నడు. ఎన్కటి కంబోడియా రాజుల అరుగట. పొడుగునా ఏనుగులు, వాటి మీద మావటీలు. కొన్నిటికి మూడేసి తలకాయలు, తొండాలు స్తంభాల తీరు కిందికి దిగి తామరపూలు తెంపుతున్నయ్. నడుమ చేతులెత్తి అరుగును మోసేటోళ్ల వరుస. వాళ్ల మొకాలు అరిగి సాపుగున్నయ్.

"ఒక ముక్క చేసి చూపియ్యి. నచ్చితె నువ్వు జిప్సం పనికే, లేకుంటె మళ్ల కప్పు మీదికే" అన్నడు ఫోర్‌మన్. చిన్నప్పటిసంది మట్టిబొమ్మలు చేసిన చెయ్యి నాది, అది ఆయనకెరికే. సరేనన్న. పని కుదిరితె బావను హెల్పరుగ అడుగుదామని నా ఆశ. ఆ వారం సామాన్ మోసెటందుకు బావ గూడ వచ్చిండు. హోటల్ల అప్పటికే ఏసీ నడుస్తుండె. ఆయన మొకంల కళొచ్చింది.

నేను చెయ్యాల్సిన ముక్క అరుగు మోసేటోనిది. మొకం లేనోనికి మొకమెక్కడ తేవాలె? బావనే గోడకానిచ్చి చేతులు లేపి నిలబెట్టిన.

"బస్తా లేకుండ చేతులెత్తుడు ఇదే మొదలు బామ్మర్ది, నవ్వొస్తుంది."

"నవ్వకు బావా, రాజును మోస్తున్నవు."

హోటల్ల వంటకొచ్చినామె ఆ కంబోడియా దేశపామెనే. వచ్చీరాని హిందీల, చేతులు తిప్పుకుంట చెప్పింది. రాజు ఆ అరుగు మీద కూసుండి గెలిచొచ్చిన సైన్యాన్ని చూసేటోడట. పండుగలకు ముందటి మైదానం నిండ ఏనుగులు, గుర్రాలు, గొడుగులు, బాజాలట. మీది మండపాలు కట్టెవి, ఎప్పుడో చివికిపోయినయట.

పగటిపూట బువ్వ తిని సల్లటి బండల మీద ఒరిగితె అదే కండ్లల్ల. హోటలున్న నయీమ్ గల్లీలల్లకెళ్లి ఏనుగులు సప్పుడు లేకుండ పోతుండె. వాటి మీద తెల్లటి పొడి రాలుతుండె. అరుగు మీద రాజు లేడు, ఎవ్వలూ లేరు. అయినా బావ చేతులు దించుతలేడు. "దించు బావా" అని మొత్తుకున్న. లేచి చూస్తె బావ పక్కన్నే గురక పెడుతుండె. పానం నిమ్మళమైంది.

మొకం పూర్తయినంక వంటామె చూసి పక్కున నవ్వింది. వాళ్లు మనుషులు కారట, గరుడపక్షులట, పక్షిముక్కుండాలట. ఓరి దేవుడా, మన గరుత్మంతుడే! మోసేటోడు కనపడంగనే కూలోడే అనుకున్న, నా బుద్ధి పాడుగాను. జిప్సమేమో గట్టిపడ్డది. బయట ఓనరు కారాగింది.

ఆయన దగ్గరికొచ్చి చూసిండు. గోడ మీది బావ మొకాన్ని చేత్తో తడిమి, "ఇది బాగుంది, ఇట్లనే ఉండనీ" అన్నడు.

"రేపటిసంది నువ్వు ఇక్కడే" అన్నడు ఫోర్‌మన్.

"మా బావను గూడ, హెల్పరుగ..."

"ఒక్కడే భాయ్. ఖలాస్."

బతిమిలాడిన. కోపమాగక తిట్టిన గూడ. ఆయన వినలే.

సాయంత్రం కూలోళ్ల క్యాంపు బండి హారను కొడుతుంటె బావ తువ్వాల దులుపుకుని గోడ దిక్కు చూసిండు. నాకు ఏడుపాగుతలేదు.

"ఎందుకేడుస్తవ్‌ర? నేను ఏసీల్నే ఉన్న గద" అన్నడు గోడను చూపిచ్చుకుంట. "అక్కకు గూడ గిదే చెప్పు."