జగ్గును బతికించబోయి నా ఇజ్జత్ తీసుకున్న

మొన్న నా ఇజ్జత్ ఎట్ల పోయిందో చెప్త, నవ్వకుండ్రి. సరే, నవ్వితె నవ్వుండ్రి గని, మా ఇంటిదానికి మాత్రం చెప్పకుండ్రి!

మందమర్రి బొగ్గు బాయి మీద హాజరు రాసే మున్షీని గద నేను. నా సదువంత నిజాం సర్కారు బడిల, ఉర్దూల అయింది. మా క్వార్టర్ల లైన్ల ఉండేటోళ్లకు ఉర్దూ మాట్లాడుడు వస్తది, సదువుడు రాదు. గందుకని ఒక ఉర్దూ జాసూసీ నవల, గదే డిటెక్టివ్ కథ, దెచ్చి, పొద్దటి షిఫ్ట్ దిగినంక సర్దార్ రాజలింగు వాకిట్ల తెలుగుల చెప్పుడు షురూ జేసిన. బాయిల మా మందికి పెద్ద రాజలింగే.

కథ జబర్దస్తుగ ఉండె. జగ్గు అని లారీ డ్రైవర్, మంచోడు. రతన్ సేట్ అనే దొంగల పెద్ద దగ్గర నౌకరికి చేరిండు. మొదలు అబద్ధం, తర్వాత దొంగతనం, ఇగ సేటు కుర్చీ మీదనే కన్ను! వింటున్నోళ్లు రెండు పార్టీలైన్రు. రాజలింగు జగ్గు దిక్కు, ఇంజను నడిపే ఓదెలు సేటు దిక్కు.

పన్నెండో పేజీల జగ్గు సొంత దోస్తునే కాల్చిండు. గది చెప్పంగనే రాజలింగు మొఖం మాడింది.

"గదేంది మున్షీ? జగ్గు గసొంటోడు గాదే!"

గప్పుడే వాళ్లింటామె మక్కగారెల పళ్లెం పట్టుకొని వస్తున్నది. పళ్లెం దిక్కు చూసిన, పుస్తకం దిక్కు చూసిన.

"జర ఆగు సర్దార్, పేజీ అతుక్కున్నది... ఆఁ, గాలిల కాల్చిండు!" అన్న.

గంతే! గారెలన్ని నా ముంగటికే వచ్చినయి.

తెల్లారి ఓదెలు కోడికూర దెచ్చిండు. తిన్న నోటితోని సేటును జైలుకెట్ల పంపుడు? కాశీకి పంపిన. జగ్గుకు పెండ్లి జేసిన. పుస్తకం పట్టుకునుడే గని సదువుడు బంద్! మంచం మీద నేను, కింద వాళ్లు. నేను దగ్గితె అందరు చుప్. నెత్తికెక్కింది నాకు. ఒకనాడు ఓదెలు నడుమ ఏదో అడిగితె, "ఎక్కువ మాట్లాడితె సేటుకు పక్షవాతం వస్తది, చూడు" అని బెదిరించిన. పాపం, చేతులు కట్టుకొని కూసున్నడు.

గింతల దవాఖానకు కరీంనగర్ నుంచి కొత్త కంపౌండర్ వచ్చిండు. మూడు దినాలు వెనుక కూసొని సప్పుడుజేయకుండ విన్నడు. నాలుగోనాడు నేను జగ్గు కొడుకును తొట్టెల్ల ఏస్తున్న, ఆయన లేసి నిలవడ్డడు.

"మున్షీ సాబ్, మాఫ్ చేయుండ్రి. నేను గీ నవల సదివిన. జగ్గుకు పెండ్లే కాలే. నాలుగు దినాల సంది చూస్తున్న, మీరు పన్నెండో పేజీ తిప్పనే లేదు."

"అది... కొత్త అచ్చుల జర మార్చిన్రు..." అని నసిగిన.

రాజలింగు నన్ను ఎగాదిగా చూసిండు.

"మున్షీ, మా హాజరు గూడ గిట్లనే రాస్తున్నవా ఏంది?"

సిగ్గుతోని సచ్చినంత పనైంది. పుస్తకం సంకల వెట్టుకొని మంచం దిగిన, పోయి వెనుక వరుసల కూసున్న. కంపౌండర్ మంచమెక్కి, పుస్తకం లేకుండనే అసలు కథ చెప్పవట్టిండు. జగ్గు అందరికి తియ్యగ అబద్ధాలు చెప్పి, సేటును దించి, కుర్చీ ఎక్కిండట. గా ముచ్చట వచ్చినప్పుడల్ల వాకిలంత మెడలు తిప్పి నన్నే చూసుడు! నేను నేల చూపులు చూసిన. సేటు మనుషులు కత్తులు వట్టుకొని జగ్గును చుట్టుముట్టిన్రు... గక్కడ ఆపిండు. "మిగిలింది రేపు" అన్నడు.

అందరు లేసి పోయిన్రు. నేను మాత్రం ఇంటికి పోలే. కంపౌండర్ ఎనుకనే ఉరికిన.

"సార్, జర పుణ్యముంటది. జగ్గు బతుకుతడా, సస్తడా? రేపటిదాన్క నాకు నిద్ర పట్టది!"

ఆయన ఆగి, నా మొఖం దిక్కు చూసి అన్నడు:

"పుస్తకం మీ సంకలనే ఉన్నది గద, మున్షీ సాబ్!"