హంసకు రెండో తాడు కట్టిన రాజ్యలక్ష్మి టీచర్

రాజ్యలక్ష్మి టీచర్ గారు ఇక లేరని గత మంగళవారం వారి తమ్ముడు ఫోనులో చెప్పాడు. అంతకు ముందు ఆదివారమే బందరు వెళ్లి వారిని చూసి వచ్చాను. చేపల పులుసుతో భోజనం పెట్టి, వీధి మలుపు దాకా వచ్చి సాగనంపారు. అలాంటి మనిషి, మధ్యాహ్నం అన్నం తిని పడక్కుర్చీలో నడుం వాల్చి, నిద్రలోనే అనంతనిద్రకు జారిపోయారట. ఏ బాధా పడలేదని తమ్ముడు మళ్లీ మళ్లీ చెప్పాడు. ఆ ఒక్క మాటతోనే నేను తేరుకోగలిగాను.

గిలకలదిండిలో సముద్రం మీద వేటకు వెళ్లే కుటుంబంలో పుట్టి, పట్టుదలతో భౌతికశాస్త్రం చదివి, చల్లపల్లి దగ్గర మా ఉన్నత పాఠశాలలో ఉద్యోగ జీవితమంతా గడిపిన విదుషి ఆమె. నేను అక్కడే తెలుగు చెప్పేవాణ్ణి. ప్రయోగశాలలో ఏ స్టూలైనా సరే, ముందు తాను ఎక్కి నిలబడి చూశాకే పిల్లల్ని ఎక్కనిచ్చేవారు. “మా నాన్న పడవకి తాడు కట్టాక బాగుందని మురిసిపోయేవాడు కాదండీ, గట్టిగా గుంజి చూసేవాడు” అనేవారు.

అవనిగడ్డ వెళ్లే బస్సులో ఒకసారి టాపు మీద బస్తాలు ఊగుతున్నాయని డ్రైవరు చేత బండి ఆపించారు. మళ్లీ కట్టించేదాకా కదలనివ్వలేదు. ప్రయాణికులు తలో మాటా అన్నారు. ఆమె నా వైపు తిరిగి, “తిట్లదేముంది మాస్టారూ, అరిగిపోతాయి” అని నవ్వారు.

ఆమె విశ్వరూపం నేను చూసింది మాత్రం ఒక వార్షికోత్సవం నాడు. హంసలదీవిలో కాకి హంసగా మారిన స్థలపురాణాన్ని పిల్లల కోసం నాటకంగా రాశాను. నా కూతురు మాధవిది కృష్ణవేణి నది వేషం. చివరి ఘట్టంలో ప్లైవుడ్డుతో చేసిన పెద్ద హంస పైనుంచి మెల్లగా దిగాలి. అలంకరణ వాళ్లు దాన్ని కప్పీ మీదుగా ఒకే తాడుతో వేలాడదీసి వెళ్లారు. టీచర్ గారు తలెత్తి చూసి, ఇది చాలదన్నారు. పక్కనున్న మరో ఇనుప దూలానికి రెండో మోకు కట్టించి, మొదటిది తెగినా హంస పిల్లల తలలకు అందనంత ఎత్తులోనే ఆగేటట్టు దాని పొడుగు సరిచేయించారు. హంసకు బదులు అంతకన్నా బరువైన ఇసుక బస్తాలు కట్టి, కావాలనే మొదటి తాడు వదిలించి చూశారు.

ఈలోగా అతిథులు వచ్చేశారు. హెడ్మాస్టరు గారు కంగారుపడుతూ, ఇక చాలించమని బతిమాలారు. ఆమె గొంతు పెంచలేదు.

“ఇంకొక్కసారి చూస్తానండీ. పిల్లల తలల మీద ఉండేదాన్ని నమ్మకం మీద వేలాడదియ్యకూడదు.”

నాటకం ఆలస్యంగా మొదలైంది. చివరి ఘట్టంలో మాధవి రంగం మధ్యకు వచ్చి చేతులు చాచింది. హంస దిగుతోంది. ఇంతలో పైన టప్పున చప్పుడైంది. కప్పీ కొక్కెం విచ్చుకుని, మొదటి తాడు జారి కిందపడింది. హంస ఒక్క ఉదుటున కిందికి వచ్చింది. మరుక్షణం రెండో మోకు బిగుసుకుంది. హంస పిల్లల తలలకు పైన ఆగి, అటూ ఇటూ ఊగింది. అది నాటకంలో భాగమేననుకుని జనం చప్పట్లు కొట్టారు.

టీచర్ గారు పక్కనుంచి సైగ చేసి పిల్లలందరినీ లోపలికి రప్పించి, తెర వేయించారు. అప్పుడు గానీ ఆమె కూర్చోలేదు. “మీ అమ్మాయి ఏదండీ మాస్టారూ? ఓసారి ఇలా పిలవండి” అన్నారు. మాధవి తల నిమిరారు. తర్వాత వేషాల్లో ఉన్న ప్రతి పిల్లనీ, పిల్లాణ్ణీ దగ్గరకు పిలిచి అలాగే నిమిరారు. హెడ్మాస్టరు గారు స్వయంగా టీ తెచ్చి ఆమె చేతికిచ్చారు. ఆమె ఒక్క గుక్క తాగి, చక్కెర ఎక్కువైందన్నారు. అందరం పగలబడి నవ్వాం. అంత తేలికైన నవ్వు నా జన్మలో మళ్లీ నవ్వలేదు.

జరిగిన ప్రమాదాన్ని లోకం తరతరాలు చెప్పుకుంటుంది. జరగని ప్రమాదానికి చరిత్ర లేదు. ఆనాడు వేషాల రంగు కడుక్కుని, అమ్మానాన్నల చేతులు పట్టుకుని ఇళ్లకు వెళ్లిన పిల్లల్లో చాలామందికి తమకు తప్పినదేమిటో నేటికీ తెలియదు. తెలియకపోవడమే ఆమె కోరుకున్నది. అలాంటి మనిషి మళ్లీ మాకు దొరకరు. తెలిసినవాళ్లలో నేనొకణ్ణి కనుక, ఆ పిల్లలందరి తరఫునా ఆ తల్లికి నమస్కరిస్తున్నాను.